పాత కారులో పవర్ విండో, డోర్ లాక్ నెమ్మదిస్తే: రిలేనా, మోటారా, కొత్త కిట్టా?

అద్దం సగం దాకా వచ్చి ఆయాసపడుతూ ఆగుతుంటే, చేత్తో పైకి లాగి సాయం చేయాల్సి వస్తుంటే, చాలామంది మొదట కొనేది కొత్త మోటారు. అది బిగించాక తేడా కాస్తంతే కనిపిస్తుంది. పాత కార్లలో మోటారు అరగడం కంటే, దానికి అందాల్సిన కరెంటు దారిలోనే ఖర్చయిపోవడం ఎక్కువ. లాకుల సంగతి వేరు, అక్కడ దోషం సాధారణంగా ఎండిపోయిన గ్రీజులో ఉంటుంది. అందుకే ఏదైనా కొనకముందు మల్టీమీటరు తీసి, మోటారు దగ్గర ఎంత వోల్టేజి అందుతోందో చూడండి. రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్‌లు) వేయాలా, మోటారు మార్చాలా అన్నది తేల్చేది ఆ అంకే.

ముందు కొలత

డోర్ ప్యానెల్ విప్పి ఇంజన్ ఆన్ చేయండి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి. 13 కూడా దాటకపోతే బ్యాటరీ టెర్మినళ్లు, ఆల్టర్నేటర్ ముందు చూసుకోండి, అప్పటిదాకా తలుపుల జోలికి వెళ్లనక్కర్లేదు. తర్వాత మోటారు ప్లగ్గు వెనక నుంచి రెండు వైర్ల దగ్గరా సూదిమొన ప్రోబులు గుచ్చి, స్విచ్ నొక్కి, అద్దం పైకి ఎక్కుతుండగా రీడింగ్ చూడాలి. ప్లగ్గు ఊడదీసి కొలవడం తరచూ జరిగే పొరపాటు. కరెంటు పారనప్పుడు ఒక్క రాగి పోగు మీద వేలాడే వైరు కూడా నిండు 14 వోల్టులు చూపిస్తుంది. లోడు పడ్డప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది.

అద్దం కదులుతుండగా 12.5 వోల్టులు, ఆపైన ఉంటే వైరింగ్ బాగున్నట్టే. తప్పు మోటారులోనో, రెగ్యులేటర్‌లోనో (మోటారు తిరుగుడుతో అద్దాన్ని ఎక్కించి దించే యంత్రాంగం), అద్దం జారే రబ్బరు ఛానెల్‌లోనో ఉంది. 11 కంటే తక్కువుంటే దారి బాగుచేయాలి, ఈ దశలో కొత్త మోటారు కొనడం దండగ. మధ్యలో ఉంటే రెండు వైపులా కొంత కొంత పని ఉంది. ఒక జాగ్రత్త: అద్దం బిగుసుకుని ఉంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అందువల్ల కూడా వోల్టేజి పడిపోతుంది. కాబట్టి ఛానెల్ శుభ్రం చేశాక మళ్లీ కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

నష్టం ఏ వైపు ఉందో కూడా తేల్చుకోవచ్చు. ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది మోటారుకు ప్లస్ వస్తున్న వైరు మీద పెట్టి స్విచ్ నొక్కితే, మీటరు చూపించేది ప్లస్ దారిలో పోయిన వోల్టేజి. అలాగే బ్యాటరీ మైనస్‌కీ, మోటారు రెండో వైరుకీ మధ్య చూస్తే ఎర్త్ వైపు నష్టం తెలుస్తుంది. ఒక్కో వైపు అర వోల్టు దాకా ఫర్వాలేదు. అద్దం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఈ రెండు వైర్ల పాత్రలు తారుమారవుతాయి, కొలిచేటప్పుడు మరిచిపోవద్దు.

మీటరు లేకపోతే ఇంకో పరీక్ష ఉంది. మోటారు ప్లగ్గు తీసేసి, 20 ఆంపియర్ ఫ్యూజ్ ఉన్న లావు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా మోటారుకు కరెంటు ఇవ్వండి. అద్దం చురుగ్గా ఎక్కితే మోటారు, రెగ్యులేటర్ రెండూ నిర్దోషులు.

కరెంటు ఎక్కడ పోతుంది

చాలా పాత కార్లలో విండో మోటారు తాగే కరెంటంతా స్విచ్‌లోంచే వెళుతుంది. అద్దం కదిలేటప్పుడు సుమారు 4 నుంచి 8 ఆంపియర్లు, చివర తగిలి ఆగినప్పుడు 15 నుంచి 25 దాకా. పక్క సీటు అద్దానికి దారి మరీ పొడుగు: ఫ్యూజ్ బాక్సు, డ్రైవర్ దగ్గరున్న మాస్టర్ స్విచ్, తలుపు కీలు దగ్గరి రబ్బరు గొట్టం, పక్క తలుపు స్విచ్, ఆ తర్వాత మోటారు. మోటారు నుంచి వెనక్కి ఎర్త్ కూడా మళ్లీ ఆ స్విచ్‌ల మీదుగానే పోతుంది. ఎందుకంటే నొక్కనప్పుడు ఈ స్విచ్‌లు మోటారు రెండు కొసలనూ ఎర్త్‌కు కలిపి ఉంచుతాయి. నొక్కితే ఒక కొస ప్లస్‌కు మారుతుంది, రెండోది ఎర్త్‌లోనే ఉండిపోతుంది.

స్విచ్ విప్పి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. రాగి పలక మీద గింజంత కాంటాక్టు ఉంటుంది. కొత్తలో నున్నగా మెరిసేది ఇప్పుడు మసిబారి, మధ్యలో గుంటపడి ఉంటుంది. చుట్టూ ఉన్న పాత గ్రీజు నల్లటి జిగురుగా మారి ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ అక్కడ ఒక చిన్న నిప్పురవ్వ పుడుతుంది, ఏళ్ల తరబడి పుట్టిన రవ్వల గుర్తు ఆ గుంట.

వైరు మందమూ చిన్న విషయం కాదు. 0.75 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు మీటరుకు సుమారు 0.023 ఓమ్‌ల నిరోధం. రానూ పోనూ కలిపి 10 మీటర్ల దారిలో 8 ఆంపియర్లు పారితే వైరులోనే దాదాపు 1.8 వోల్టులు హరించుకుపోతాయి. అదే 2.5 స్క్వేర్ ఎంఎం వైరైతే 0.6 లోపే. మోటారుకు 13.5 వోల్టులకు బదులు 9 అందితే దాని బలం మూడో వంతు తగ్గుతుంది. అది ఇవ్వగల గరిష్ఠ శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి పడిపోతుంది కాబట్టి సగం కంటే తక్కువ మిగులుతుంది. అద్దం ఎందుకు అంత నీరసంగా ఉందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి ఎంపిక: శుభ్రం చేయడం

కొలత ఏం చెప్పినా ఇది చేయాల్సిందే. అద్దం ఇరుపక్కలా ఉన్న రబ్బరు ఛానెల్‌లో దుమ్ము పేరుకుని గరుకుకాగితంలా పట్టేస్తుంది. పలుచటి ప్లాస్టిక్ పట్టీకి తడిగుడ్డ చుట్టి పైనుంచి కిందిదాకా తుడవండి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టి అద్దాన్ని ఐదారుసార్లు ఎక్కించి దించండి. మామూలు నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు రబ్బరు మీద వాడొద్దు. అప్పటికి జారినట్టే ఉంటుంది, కొన్నాళ్లకు రబ్బరు ఉబ్బి దుమ్ము పట్టి ముందుకంటే బిగుస్తుంది. రెగ్యులేటర్ పట్టాలకు, గేర్ పళ్లకు, రోలర్లకు పాత గ్రీజు తుడిచేసి తెల్లటి లిథియం గ్రీజు పూయండి. లోపలి బట్ట అరిగి లోహం బయటపడిన ఛానెల్‌ను ఏ స్ప్రే బాగుచేయలేదు, మార్చాలి.

తర్వాత స్విచ్. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, 1500 లేదా 2000 నంబరు కాగితంతో మెల్లగా రుద్ది మసి పోగొట్టండి. గట్టిగా రుద్దితే పైనున్న మంచి పూత కూడా పోతుంది. గుంట లోతుగా ఉంటే కొత్త స్విచ్ తీసుకోవడమే మేలు. తలుపు ఎర్త్ వైరు బాడీకి కలిసే బోల్టును విప్పి, చిలుము, తుప్పు గీకి, మళ్లీ గట్టిగా బిగించండి. కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైర్లు మడతపడి లోపల పోగులు తెగి ఉంటాయి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, కాస్త లాగితే ఒక్కచోట మెత్తగా సాగుతుంది. తెగింది అక్కడే.

నాలుగు అద్దాలూ నెమ్మదిగా ఉంటే దోషం ఉమ్మడి దారిలో ఉంటుంది: బ్యాటరీ, ఫ్యూజ్ బాక్సు, మాస్టర్ స్విచ్. ఒక్కటే నెమ్మదిగా ఉంటే ఆ తలుపులోనే వెతకండి. ఇంజన్ ఆన్‌లో ఉండగా ముందు తలుపు అద్దం 4–5 సెకన్లలో ఎక్కితే ఇక ఖర్చు పెట్టే పని లేదు.

రెండో ఎంపిక: రిలేలు

శుభ్రం చేశాక కూడా మోటారు దగ్గర 11 వోల్టులు దాటకపోతే మా ఓటు రిలేలకే. పాత కారులో పెట్టిన ఖర్చుకు ఇంత ఫలితమిచ్చే మార్పు ఈ పనిలో మరొకటి లేదు. స్విచ్ ఇక మోటారును మోయదు, రిలే కాయిల్‌కు కావలసిన 0.15–0.2 ఆంపియర్ మాత్రమే అందిస్తుంది. కాబట్టి స్విచ్ ఆయుష్షు కూడా పెరుగుతుంది. పాత స్విచ్ తాళం ఆన్‌లో ఉంటేనే పనిచేసే రకమైతే ఆ భద్రతా అలాగే నిలిచి ఉంటుంది.

ఒక్కో అద్దానికి అయిదు పిన్నుల రిలేలు రెండు కావాలి, ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. వైరింగ్ రెండింటికీ ఒకటే. మోటారుకు వెళ్లే రెండు వైర్లనూ కత్తిరించండి. మోటారు వైపు ముక్కలు రెండు రిలేల 30 నంబరు పిన్నులకు, స్విచ్ వైపు ముక్కలు 86 పిన్నులకు. 87 పిన్నులు ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కు, 87ఏ, 85 పిన్నులు బాడీ ఎర్త్‌కు. ఏ స్విచ్ నొక్కనప్పుడు మోటారు రెండు కొసలూ 87ఏ ద్వారా ఎర్త్‌లో ఉంటాయి, అదే మోటారును వెంటనే ఆపే బ్రేకు కూడా. పొరపాటున రెండు రిలేలూ ఒకేసారి లేచినా రెండు కొసలకూ ప్లస్ అందుతుంది, మోటారు కదలదు, షార్ట్ కాదు.

కొనేటప్పుడు రిలే పక్కన ముద్రించిన బొమ్మ చూడండి. నాలుగు పిన్నుల రిలే గానీ, మధ్య పిన్ను కూడా 87 అయిన అయిదు పిన్నుల రిలే గానీ ఇక్కడ పనికిరావు. వాటిలో 87ఏ ఉండదు, మోటారు రెండో కొసకు ఎర్త్ దొరకదు, రిలే టక్కుమంటుంది గానీ అద్దం కదలదు. కాయిల్ ఆగినప్పుడు పుట్టే వోల్టేజి పోటు స్విచ్‌ను తినకుండా 85–86 మధ్య కరెంటును ఒక్క వైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు 86కు. తిరగేసి పెడితే స్విచ్ నొక్కగానే షార్ట్. లోపలే డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేయకూడదు.

తలుపుకు 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 20 ఆంపియర్ ఫ్యూజ్ సరిపోతాయి. ఎర్త్ వైరు కూడా అంతే మందం ఉండాలి. ప్లస్ లావుగా వేసి ఎర్త్ సన్నగా వదిలేస్తే సగం పనే అయినట్టు. నాలుగు తలుపులకూ కలిపి ఒకే మెయిన్ లాగితే 6 స్క్వేర్ ఎంఎం వైరు, 40 ఆంపియర్ ఫ్యూజ్, అక్కడి నుంచి తలుపుకొక్క శాఖ. మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపేదేదీ ఉండదు, మంట లేస్తుంది. తలుపు గొట్టంలోకి సన్నపోగుల మెత్తటి వైరే వాడండి, తలుపు పూర్తిగా తెరిచినా బిగుసుకోనంత వదులు ఉంచండి.

రిలేలు ఎక్కడ పెట్టాలన్నది స్విచ్‌లు ఉన్న చోటును బట్టి ఉంటుంది. స్విచ్‌లన్నీ సీట్ల మధ్య ఉన్న కార్లలో రిలేలను డాష్‌బోర్డు కింద పెట్టుకోవచ్చు, పొడిగా ఉంటాయి, తలుపులో పని తక్కువ. స్విచ్ తలుపులోనే ఉంటే స్విచ్‌కీ మోటారుకీ మధ్య వైరు తలుపు దాటి బయటికి రాదు, కాబట్టి రిలేలూ తలుపులోనే కూర్చోవాలి. అప్పుడు నీరు చొరని రకం తీసుకుని, వాన నీరు అడ్డుకునే ప్లాస్టిక్ షీటుకీ డోర్ ప్యానెల్‌కీ మధ్య, పిన్నులు కిందికి ఉండేలా బిగించండి.

రెండు సందర్భాల్లో రిలేలు వద్దు. స్విచ్‌కు సన్నటి వైర్లే వస్తుంటే అందులో అప్పటికే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉందని అర్థం, మోటారును నడిపేది స్విచ్ కాదు. ఒక్కసారి నొక్కితే పూర్తిగా దిగే అద్దం ఉంటే, ఆ సర్క్యూట్ చాలా వాటిలో మోటారు కరెంటును చూసి ఆగుతుంది. మధ్యలో రిలే వస్తే దానికి కాయిల్ కరెంటే కనిపిస్తుంది, ఆ సౌకర్యం పోతుంది.

మూడో ఎంపిక: మోటారు, రెగ్యులేటర్

వోల్టేజి నిండుగా అందుతున్నా, అద్దం చేత్తో సులువుగా జారుతున్నా మోటారు మూలుగుతుంటే బ్రష్‌లు అరిగినట్టు. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ అద్దం కదలకపోతే గేర్ లోపల ఉండే నైలాన్ ముక్కలు పొడైపోయి ఉండొచ్చు. కొన్ని మోటార్లలో అవి విడిగా దొరుకుతాయి, అవి మారిస్తే చాలు. నాలుగైదుసార్లు వాడాక ఆగిపోయి, కాసేపటికి మళ్లీ పనిచేస్తే లోపలి వేడి రక్షణ పడిందని అర్థం. అది బిగుసుకున్న అద్దం వల్ల కూడా అవుతుంది.

రెగ్యులేటర్ రెండు రకాలు. కత్తెర చేతుల రకం మన్నుతుంది, రోలర్లు మార్చి గ్రీజు పెడితే మళ్లీ ఏళ్లు నడుస్తుంది, దాన్ని పారేయకండి. కేబుల్ రకంలో ప్లాస్టిక్ కప్పీలు పగిలి, కేబుల్ పోగులు లేచి డ్రమ్ము చుట్టూ చిక్కుపడిందంటే మోటారుతో సహా మొత్తం మార్చడమే దారి. కుడి ఎడమ మోటార్లు ఒకేలా కనిపించినా అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి, పళ్ల లెక్క కూడా సరిచూసుకోండి.

కత్తెర రకంలో చుట్టచుట్టిన బలమైన స్ప్రింగ్ అద్దం బరువును మోస్తూ ఉంటుంది. మోటారు విప్పగానే దాన్ని ఆపేది పోయి, రెగ్యులేటర్ చేతులు రెండూ కత్తిరించేంత వేగంతో మూసుకుంటాయి. వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది. పళ్ల పలకకూ దాని వెనక పలకకూ కలిపి ఒక బోల్టు దూర్చి బిగించకుండా మోటారు బోల్టుల మీద స్పానర్ పెట్టకండి.

చేత్తో తిప్పే అద్దాల కోసం దొరికే యూనివర్సల్ కిట్లు ఇప్పటికే పవర్ విండోలున్న కారుకు దాదాపు ఎప్పుడూ సరిపడవు. అసలు భాగం ఎక్కడా దొరకనప్పుడే వాటి వైపు చూడండి. ఒక్క నొక్కుకు పైకెక్కే మాడ్యూల్ జతచేయాలనుకుంటే, అడ్డు తగిలితే వెనక్కి దిగే రకమే కొనండి. అమెరికా వాహన భద్రతా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 118, ఐక్యరాజ్యసమితి నిబంధన 21 రెండూ అలాంటి అద్దం 100 న్యూటన్ల బలం మించకముందే వెనక్కి తిరగాలంటాయి, అంటే సుమారు 10 కిలోల ఒత్తిడి. రిలేలతో బలం పుంజుకున్న అద్దం మధ్య పిల్లల చేయి పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ రక్షణ లేని మాడ్యూల్‌ను ఎవరికీ సిఫారసు చేయం.

లాకులు

లాకుకు కరెంటు అందేది సుమారు అర సెకను నుంచి ఒక సెకను లోపే. ఆ కాస్త వ్యవధిలో లివర్ పూర్తిగా తిరగాలి, తిరగకపోతే సగంలో ఆగుతుంది. అందుకే ఇక్కడ చిన్న బిగుతు కూడా పెద్ద లోపమవుతుంది. ముందుగా యాక్చువేటర్ (లాకును కదిపే చిన్న మోటారు పెట్టె) నుంచి రాడ్డు విడదీసి, లాకును వేలితో కదిపి చూడండి. వేలికే బరువుగా తగిలితే లాచ్‌ను, అంటే తలుపును పట్టి ఉంచే కొక్కేన్ని, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, పాత గ్రీజు బయటికి కారిపోయేదాకా ఆడించి, ఆరాక కొద్దిగా లిథియం గ్రీజు పెట్టండి. తాళం రంధ్రంలోకి గ్రీజు వద్దు, గ్రాఫైట్ పొడి చాలు, దాని మీద నూనె కలపొద్దు. వంగిన రాడ్లను సరిచేయండి, విరిగిన ప్లాస్టిక్ క్లిప్పులను మార్చండి. లాకు నెమ్మది చాలావరకు ఇక్కడే తీరిపోతుంది.

తీరకపోతే రెండు దారులు. అసలు యాక్చువేటర్ దొరికితే అదే వేయండి, రాడ్డు కోణం, బోల్టు రంధ్రాలు అన్నీ కుదురుతాయి. పెట్టె పగలకుండా విప్పగలిగితే లోపలి చిన్న మోటారు ఒక్కటే మార్చుకోవచ్చు, చాలా వాటిలో ఉండేది ఎఫ్‌సీ-280 సైజు మోటారు. షాఫ్టు పొడవు, గేర్ పాతదానితో పోల్చి తీసుకోండి. పాతవి గొట్టాల్లో గాలి పీల్చడంతో కదిలే వ్యాక్యూమ్ లాకులో, విద్యుదయస్కాంతంతో కడ్డీని లాగే బరువైన సోలెనాయిడ్‌లో అయితే యూనివర్సల్ యాక్చువేటర్లు, సెంట్రల్ లాకింగ్ మాడ్యూల్ వేయడం మంచిది. గొట్టాల లీకులు వెతుక్కుంటూ కూర్చోవడం కంటే అదే తక్కువ తలనొప్పి.

యూనివర్సల్ సెట్టులో డ్రైవర్ తలుపుకు అయిదు వైర్లది, మిగతా వాటికి రెండు వైర్లవి వస్తాయి. అదనపు మూడు వైర్లు తాళం తిప్పిన సంగతి మాడ్యూల్‌కు చెప్పే స్విచ్‌వి. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి, సెట్టుతో వచ్చిన కాగితమే చూడండి. అన్నీ లాక్ అయి ఒక తలుపు మాత్రం అన్‌లాక్ అయితే ఆ తలుపు మోటారు వైర్లు రెండూ తారుమారయ్యాయి. లాక్ చేయగానే తనంతట తానే తెరుచుకుంటే డ్రైవర్ తలుపులో సిగ్నల్ వైర్లు మారాయి.

బిగించేటప్పుడు అంతా కోణంలోనే ఉంది. యాక్చువేటర్ కడ్డీ ప్రయాణం సుమారు 18–20 మిల్లీమీటర్లు. అది లాకు రాడ్డుకు సమాంతరంగా, ఒకే వరుసలో కదలాలి. పక్కకు వాలితే ప్రయాణం చివర బిగుసుకుంటుంది, కొత్త యాక్చువేటర్ కూడా పాతదానిలా మూలుగుతుంది. కడ్డీని సగం బయటికి లాగి, లాకును కూడా మధ్య స్థానంలో ఉంచి క్లాంపు బిగిస్తే రెండు చివరలకూ సమానంగా చేరుతుంది. స్క్రూ పొడవు చూసుకోండి, లోపలికి పొడుచుకొచ్చిన కొన అద్దాన్ని గీస్తుంది. అందుకే రంధ్రం వేయకముందే అద్దం పూర్తిగా దించి, ఎంత ఖాళీ ఉందో చూడాలి.

ప్యానెల్ మూసేముందు ప్లాస్టిక్ షీటును తిరిగి అంటించండి. చింపి పారేస్తే తలుపులోకి కారే వాన నీరు కొత్త రిలేల మీదికీ కారులోకీ వస్తుంది. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలను వైరు ముక్కతో పొడిచి తెరవండి. లాకులను పరీక్షించేటప్పుడు అన్ని అద్దాలూ దించి, తాళం చెవి బయట చేతిలో పెట్టుకుని, తలుపు మూసి, రిమోట్‌తోనూ చెవితోనూ లోపలి హ్యాండిల్‌తోనూ విడివిడిగా ఆడించి చూడండి. మూడింటిలో ఏ ఒక్కటి తడబడినా ప్యానెల్ బిగించకండి, క్లాంపు మళ్లీ సరిచేయాల్సి ఉంది.